విద్యార్థులు - ప్రకృతిరక్షణము

2025వ సంవత్సరము మార్చి 30వ తేదీ ఉగాది. తెలుగువారి యిండ్లలో వేపపూత పచ్చడి పంచుకొనుచున్న యా దినముననే, హైదరాబాదు విశ్వవిద్యాలయము నంటియున్న కంచ గచ్చిబౌలి నేలలోనికి బుల్డోజర్లు ప్రవేశించినవి. వానిని అడ్డగింపబోయిన విద్యార్థులను పోలీసులు పట్టి, వాహనములలో నెక్కించి ఠాణాలకు గొనిపోయిరి. కొలది దినములలోనే సుమారు నూరెకరముల మేర చెట్లు నేలగూలినవి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు తనంత తాను కల్పించుకొని పనులను నిలుపుచేసినది. ఈ వృత్తాంతమును మా పాఠకు లెరుగనివారు కారు. అయినను మరల స్మరించుటకు కారణ మొక్కటి కలదు. చెట్టు కొరకును, చెరువు కొరకును, మారిపోవుచున్న శీతోష్ణస్థితి కొరకును విశ్వవిద్యాలయ విద్యార్థి తన చదువుకాలములో కొంత వెచ్చించుట తగునా, తగదా యను ప్రశ్న, కొడుకులను కూతుండ్రను పై చదువులకు బంపిన ప్రతి యింటను నాటినుండి తీరక నిలిచియున్నది. తగునని మా నిశ్చితాభిప్రాయము. ఏ రీతిగా పాల్గొన్న మేలు కలుగునో, పెద్దలమైన మన విధి యేమో గూడ నీ సందర్భమున విచారింపదలచితిమి.

ఈ 400 ఎకరముల వివాదము నిన్నమొన్నటిది కాదు. 1973 నాటి ఆరు సూత్రముల పథకమును అనుసరించి 1974లో నీ కేంద్ర విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. నగరమునకు దూరముగా, బండరాళ్లతోను పొదలతోను నిండిన సుమారు 2,300 ఎకరముల నేల దానికై యేర్పరుపబడెను. నాడు దాని వంక చూచువారు లేరు. కాలక్రమమున నగరమే దాని కడకు నడచివచ్చినది, మేడలు లేచినవి, గజము నేలకు వెల కట్టుట మొదలైనది. ఆ నేలలో 400 ఎకరములు ఒక క్రీడాసంస్థకు కేటాయింపబడుట, 2006లో ప్రభుత్వమే యా కేటాయింపును రద్దుచేయుట, ఆ మీదట దావా యేండ్లతరబడి సాగి 2024లో ప్రభుత్వపక్షమున ముగియుట వరుసగా జరిగినవి. భూమి తనదని న్యాయస్థానములే తేల్చినవనియు, రికార్డులలో నది అడవిగా నమోదుకాలేదనియు, అచ్చట పరిశ్రమలు వెలసిన యువకులకు ఉద్యోగములు దొరకుననియు ప్రభుత్వము వాదించినది. ఈ మాటలు విననక్కరలేనివని మే మనము. ఖజానాకు రాబడి కావలయును. నిరుద్యోగికి పని కావలయును. కాని హక్కు తేలినంత మాత్రమున, నేలమీద నేమున్నదో లెక్కచూడకయే గొడ్డలి వేయవచ్చునా? భూమి యెవరిదను ప్రశ్న వేరు. భూమిమీద నేమున్నదను ప్రశ్న వేరు. మొదటిదానికి సమాధానము న్యాయవాదులు చెప్పిరి. రెండవదానికి సమాధానము చెప్పినవారిలో విద్యార్థులు ముందుండిరి.

కంచ యనగా పశువులు మేయుటకు విడిచిన గడ్డినేల. మన గ్రామములలో కంచ లేని యూరు పూర్వము లేకుండెను. రెవిన్యూ లెక్కలలో నది పోరంబోకు. పసులకాపరి లెక్కలో నది జీవనాధారము. గచ్చిబౌలి కంచ యందు కోట్ల యేండ్ల నాటి బండలు గొడుగులవలె నిలిచియున్నవి. వాననీరు నిలుచు కుంటలున్నవి. చుక్కల జింకలును, నెమళ్లును, నక్షత్రపు తాబేళ్లును తిరుగాడుచున్నవి. విశ్వవిద్యాలయ పరిసరములలో రెండువందలకు పైబడిన పక్షిజాతులు గుర్తింపబడినవి. హైదరాబాదు పేరనే నామకరణము పొందిన యొక సాలీడు జాతి యీ నేలనుండియే శాస్త్రజ్ఞుల యెరుకకు వచ్చినది. ఈ లెక్కలు బుల్డోజర్లు వచ్చిన రాత్రి పుట్టినవి కావు. తెల్లవారుజామున దుర్భిణీ పట్టుకొని కుంటగట్టున కూర్చుండిన పిల్లలును, వారికి తోడునిలిచిన అధ్యాపకులును, నగరములోని ప్రకృతిప్రియులును ఏండ్ల తరబడి వ్రాసి పెట్టుకొన్న లెక్కలవి. ఆనాడు వారి శ్రమను వినోదమని నవ్వినవారు లేకపోలేదు. ఆపద వచ్చినపుడు ఆ చిట్టాయే సాక్ష్యమైనది.

సుప్రీంకోర్టు ఉత్తరువు మీద తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారు స్వయముగా పోయి ఆ స్థలమును చూచి, నెమళ్లును జింకలును గల యా తావున యంత్రములు పనిచేయుచున్న సంగతిని నివేదించెను. వరుస సెలవుదినములలో నింత తొందర యేల వచ్చినదని న్యాయమూర్తులు ప్రశ్నించిరి. చెట్లు కొట్టుటకు ముందు అనుమతి పొందిరా లేదా యను సంగతి తేలవలయుననిరి. నీరు, భూమి, చెట్లు వీనిని కాపాడుటకు 2002లో మన శాసనసభయే చట్టము చేసియున్నది. కాగితములమీద అడవియని వ్రాయబడకున్నను, అడవి లక్షణములు గల నేలను అడవిగానే యెంచవలెనని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12వ తేదీన గోదావర్మన్ వ్యాజ్యములో చెప్పియున్నది. కావున విద్యార్థులు కోరినది క్రొత్త హక్కు కాదు. ఉన్న శాసనమును పాటింపుమనియే వారు కోరిరి. శాసనోల్లంఘన మెవరిదని యడుగవలసి వచ్చినపుడు, వేలు విద్యార్థివైపే చూపుట న్యాయము కాదు.

ఇంత చెప్పిన పిమ్మట విద్యార్థుల పక్షమున జరిగిన యొక లోపమును దాచుట మాకు తగదు. ఆ దినములలో యంత్రము చేత కల్పింపబడిన చిత్రములు కొన్ని, పారిపోవు జింకలవిగా, ఏడ్చు నెమళ్లవిగా, దేశమంతట వ్యాపించినవి. వానిని పుట్టించినవారిలో విద్యార్థు లెందరో, పరులెందరో యెవరును నిర్ణయింపజాలరు. ప్రసిద్ధులైనవారు సైతము వానిని నమ్మి పంచిపెట్టిరి. తత్ఫలితముగా కూలిన చెట్లమీది చర్చ కల్పిత చిత్రములమీదికి మరలినది. నూరెకరముల నిజము చేతిలో నుండగా అబద్ధపు జింక యెందుకు? సత్యము తప్ప మరియొక బలము లేనివాడు సత్యమును వదలిన, అతనికి మిగులున దేమి? ఒక్క బూటకపు చిత్రము వేయి నిజమైన లెక్కలను అనుమానాస్పదము చేయును. ప్రకృతిరక్షణమునకు పూనుకొను ప్రతి విద్యార్థియు తన కంటితో చూచినదియు, తన చేతితో కొలిచినదియు దప్ప మరియొకటి లోకమునకు చెప్పనని నియమము పెట్టుకొనవలెను.

ఇక పెద్దల ఆక్షేపణకు వత్తము. “పిల్లవానిని చదువుకొమ్మని పంపితిమి, చెట్లకు కాపలా యుండుమని పంపలేదు. కేసు పడిన ఉద్యోగము రాదు, పరదేశమునకు పోవు అనుమతిపత్రము రాదు” అని తండ్రులు వగచుచున్నారు. ఈ భయమును మేము తేలికగా చూడము. భూమి తాకట్టు పెట్టి రుసుము కట్టిన తండ్రికి కుమారుని పేరు పోలీసు దస్తరములో కనబడుట సామాన్యమైన బాధ కాదు. కాని యీ ఆక్షేపణ మన దేశమున క్రొత్తది గాదు. 1907లో రాజమహేంద్రవరమున వందేమాతర పతకము ధరించినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ట్రెయినింగు కళాశాలనుండి బహిష్కృతులైరి. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి వెడలగొట్టబడిన విద్యార్థులలో పెక్కుమంది నాగపురము పోయి చదువు ముగించిరి. పాములపర్తి వేంకట నరసింహారావుగా రట్టివారిలో నొకరు. ఆనాటి తండ్రులును ఇట్లే వగచిరి. ఈనాడు ఆ పేర్లను మన పిల్లలకు పాఠములుగా చెప్పుచున్నాము.

అంతకంటె ముఖ్యమైన భేద మొకటి కలదు. ఆ కాలపు ఉద్యమములు విద్యార్థిని చదువు విడిచి రమ్మని పిలిచినవి. ఈ పని యట్టిది కాదు. ఇందులో విద్యాలయమే పొలము, చదువే పనిముట్టు. నీటిమట్టము కొలుచువాడు భూగర్భశాస్త్రము నేర్చుచున్నాడు. కరెంటు వాడుక లెక్కకట్టువాడు భౌతికశాస్త్రము నేర్చుచున్నాడు. చట్టము చదివి అర్జీ వ్రాయువాడు న్యాయశాస్త్రము నేర్చుచున్నాడు. పరిసరముల విద్యను అన్ని తరగతులలోను బోధింపవలెనని సుప్రీంకోర్టు 1991 నవంబరులోనే ఆదేశించినది. ఆ మీదట డిగ్రీ తరగతులలో నది విధిగా చదువవలసిన పాఠ్యమైనది. కాని చాలచోట్ల దాని గతి యేమైనది? పరీక్షకు ముందు రెండు రాత్రులు వల్లించి, పరీక్ష మరునాడు మరచు కాగితమైనది. ఓజోను పొర యెన్ని మైళ్ల యెత్తున నున్నదో చెప్పగల పట్టభద్రుడు తన కళాశాల నీరు ఏ చెరువునుండి వచ్చుచున్నదో, మురుగు ఏ వాగులో కలియుచున్నదో చెప్పలేడు. ఈ లోపమును తీర్చునది విద్యార్థులు తాముగా పూనుకొను పనియే గాని వేరొక పాఠ్యపుస్తకము కాదు.

ఇట్టి పూనికకు మన దేశముననే నిదర్శనములున్నవి. 1979లో ఢిల్లీ నగరములోని విద్యార్థులు కొందరు, పట్టణపు నడుమ నున్న రిడ్జి యను కొండయడవి ఆక్రమణల పాలగుచుండుట చూచి కల్పవృక్షమను సంఘముగా నేర్పడిరి. వారు ఊరేగింపులతో నాగిపోలేదు. 1983లో ఢిల్లీ హిందూ కళాశాల ప్రకృతిసంఘమువారితో కలిసి నర్మదాతీరమున పల్లెపల్లెకు పోయి, అచ్చట కట్టదలచిన పెద్ద ఆనకట్టల వలన కలుగబోవు లాభనష్టములను పరిశీలించి వ్రాసిరి. ఆనకట్టల విషయమున ఎవరి యభిప్రాయము లెట్లున్నను, ఒక మాట యందరు నంగీకరింపవలసినదే: కోపమును పరిశీలనగా మార్చుకొన్న సంఘము నాలుగు దశాబ్దములు దాటియు బ్రతికియున్నది. కోపముతోనే యాగిన సంఘములు ఆ సంవత్సరపు పరీక్షలతోనే చెదరిపోవును.

మరియొక నిదర్శనము సముద్రముల కావలిది. మన దక్షిణదేశపు కూలీలు, వారిలో తెలుగువారు గూడ, 1903 మొదలు ఓడలెక్కి చేరిన ఫిజీ ద్వీపములు మన పాఠకులకు తెలిసినవే. ఆ ఫిజీ ప్రధానస్థానముగా గల దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయమునకు వనువాటు ద్వీపదేశమున నొక శాఖ కలదు. 2019లో నచ్చట చదువుచున్న 27 మంది న్యాయవిద్యార్థులు తరగతిగదిలో నొక ప్రశ్న వేసికొనిరి. పెద్ద దేశముల పొగ వలన సముద్రము పొంగి చిన్న ద్వీపములు మునుగుచుండగా, ఆ దేశములకు చట్టరీత్యా బాధ్యత యుండదా? ఈ ప్రశ్నను అంతర్జాతీయ న్యాయస్థానమునకు గొనిపోవలెనని వారు తలచి, ద్వీపదేశముల ప్రభుత్వములకు లేఖలు వ్రాసిరి. వనువాటు ప్రభుత్వము దానిని చేపట్టినది. 2023 మార్చి 29వ తేదీన ఐక్యరాజ్యసమితి మహాసభ యేకాభిప్రాయముతో నా ప్రశ్నను న్యాయస్థానమునకు నివేదించినది. 2025 జూలై 23వ తేదీన న్యాయమూర్తులందరు నేకగ్రీవముగా, శీతోష్ణస్థితిని కాపాడుట ప్రభుత్వములకు చట్టబద్ధమైన విధియేయనియు, దానిని మీరుట అంతర్జాతీయ ధర్మమునకు విరుద్ధమైన కార్యము కాగలదనియు నభిప్రాయము వెల్లడించిరి. ఇది సలహారూపమైన యభిప్రాయమే. అమలు జరుపు బలము దానికి లేదు. అయినను ఆరేండ్ల క్రింద ఒక తరగతిగదిలో పుట్టిన ప్రశ్న హేగు నగరమున తీర్పు పీఠము నెక్కినది. ఆ విద్యార్థులు చదువు మానలేదు. తాము చదువుచున్న శాస్త్రముననే పని చేసిరి.

ప్రతి విద్యార్థియు హేగునకు పోనక్కరలేదు. తానున్న వసతిగృహమునందే కావలసినంత పని కలదు. 300 మంది భుజించు నొక భోజనశాలయందు ఒక్కొక్కరు పూటకు 50 గ్రాముల అన్నము పారవేసినచో, దినమునకు రెండు పూటలకు 30 కిలోలు, 200 దినములకు 60 క్వింటాళ్లు పెంటపాలగును. ఆ మెతుకులకై ఎంత నీరు పారెనో, ఎంత యెరువు పడెనో రైతైన పాఠకునకు మేము చెప్పనక్కరలేదు. వేయి చదరపు మీటర్ల మిద్దె మీద ఏటికి 80 సెంటీమీటర్ల వాన కురిసిన 8 లక్షల లీటర్ల నీరు జారిపోవును. దానిని పట్టి భూమిలోనికి దింపిన, వేసవిలో ట్యాంకరు నీటికి పెట్టు వ్యయము కొంతయైన తగ్గును. పాతరకపు విసనకర్ర 75 వాట్ల కరెంటు త్రాగగా క్రొత్తరకము 30 వాట్లతో తిరుగును. వేయి విసనకర్రలను మార్చిన, దినమునకు 15 గంటల చొప్పున 300 దినములలో రెండు లక్షల యూనిట్లు మిగులును. మన దేశమున బొగ్గు ప్రధానముగా పుట్టు కరెంటు యూనిటు నొక్కింటికి సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియుచున్నదని లెక్క. కావున రెండు లక్షల యూనిట్లనగా 140 టన్నుల వాయువు. ఈ లెక్కలు వేయుటకు ఉద్యమనాయకుడు కానక్కరలేదు. కాగితము, కలము, నెలనెల వచ్చు బిల్లులు చాలును.

ఇట్టి లెక్కలు చిన్నవని పరిహసింపరాదు. తన వసతిగృహపు చిట్టాను నాలుగేండ్లు వ్రాసిన యువకుడు రేపు పురపాలక సంఘపు చిట్టాను చదువగలడు. గ్రామపంచాయతీ పద్దును ప్రశ్నింపగలడు. మంత్రి చెప్పిన సంఖ్యను తూచగలడు. స్వపరిపాలన యనగా నిదియే గదా! నినాదము గొంతును పెంచును. లెక్క బుద్ధిని పెంచును. రెండును గలవానిని ఎవరును తేలికగా త్రోసిపుచ్చజాలరు. ఏటేట జూన్ 5వ తేదీన మొక్క నాటి, ఛాయాచిత్రము తీయించుకొని, జూలైలో నా మొక్క యెండినదో బ్రతికినదో చూడని సంఘములను మేమెన్నో చూచితిమి. మొక్క నాటినవాని పేరుకంటె దానికి రెండవ వేసవి నీరు పోసినవాని పేరు వ్రాయు సంఘము మాకు కావలయును.

ఈ విషయము పట్టణపు పిల్లల విలాసమని తలచు భూస్వాములకు రెండు మాటలు. 2015 మే నెలలో తెలుగు రాష్ట్రములు రెండింట వడగాడ్పులకు వేయికంటె నెంతో మించిన ప్రాణములు పోయినవి. వారిలో పెక్కుమంది యెండలో కూలికి పోయినవారే. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు కట్టలు తెగి విజయవాడలో సగరాజ్యము వలె సింగునగరము ప్రాంతము నీట మునిగినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ వరదలో వేలమంది గతించిన పిమ్మట హైదరాబాదునకు ఉస్మాన్‌సాగరును, హిమాయత్‌సాగరును కట్టుకొంటిమి. 2020 అక్టోబరులో నదే నగరమున కాలనీలు మరల మునిగినవి. ఈ రెండవసారి మూసీతోబాటు, పూడ్చిన కుంటలును మూసిన నాలాలును ప్రతీకారము తీర్చుకొన్నవి. భూగోళముమీద ఉష్ణోగ్రత లెక్క మొదలుపెట్టిన నాటినుండి 2024 అత్యంతోష్ణమైన సంవత్సరమని ప్రపంచ వాతావరణసంస్థ ప్రకటించినది. కార్తె తప్పిన వాన, కంకి వేళ కాసిన యెండ, కోతవేళ వచ్చిన తుపాను, వీని నన్నిటిని ముందుగా ననుభవించువాడు రైతే. విశ్వవిద్యాలయములో పిల్లవాడు పట్టుచున్న లెక్క మన కళ్లములోని ధాన్యపు లెక్కయే.

ఇచ్చట మనలను మనమే యొక ప్రశ్న వేసికొనవలెను. ప్రభుత్వము కంచను వేలము వేయబూనినదని నిందించు మనము, మన యూరి కుంటశిఖమును ప్లాట్లుగా కోసి యమ్మినపు డేమంటిమి? తూము మూసి ప్రహరి కట్టినపు డేమంటిమి? ఎకరము ధర పెరిగినదని పండుగ చేసికొన్న యింటినుండియే విద్యార్థి విశ్వవిద్యాలయమునకు పోయినాడు. అతడు సెలవులకు వచ్చి, “నాయనా, మన ప్లాటున్న చోట పూర్వము అలుగు పారెడిదట గదా” యని యడిగినచో, కసరి నోరు మూయించుట సులభమే. కాని యా ప్రశ్నకు సమాధానము చెప్పవలసిన దినము వాన రూపమున వచ్చినపుడు కసరుటకు వీలుండదు. గచ్చిబౌలిలో బుల్డోజరుకు అడ్డుపడిన సాహసముకంటె, తన యింటి చావడిలో తండ్రితో నీ మాట యనుటకే యెక్కువ సాహసము కావలయును. ఆ సాహసమును గౌరవించుట తండ్రి ధర్మము.

విశ్వవిద్యాలయముల అధికారులకును మా విన్నప మొకటి కలదు. విద్యార్థులను అనుమానించి వారి సభలకు తలుపులు మూయుట వలన పని యాగదు. అది చీకటిలోనికి పోవును. ప్రతి విశ్వవిద్యాలయమును తన నీటి, కరెంటు, చెత్త, చెట్ల లెక్కలను ఏటేట బహిరంగముగా ప్రకటింపవలెను. ఆ లెక్కలు చూచు సంఘమున విద్యార్థులకు, వారు తామే యెన్నుకొన్న ప్రతినిధులుగా, స్థాన మీయవలెను. ఆవరణలో చెట్టు కొట్టవలసి వచ్చినను, కుంట పూడ్చవలసి వచ్చినను ముందుగా కారణము తెలుపవలెను. పొలములో, చెరువుగట్టున చేసిన పనికి పరీక్షలో తగిన మార్కు లీయవలెను. ఇది దాతృత్వము కాదు, బోధనయే.

ప్రభుత్వములకు చెప్పవలసినది ఇంకను స్పష్టము. కంచ గచ్చిబౌలి విషయమున విద్యార్థులమీద పెట్టిన కేసులను ఉపసంహరింపుడని 2025 ఏప్రిల్‌లోనే ప్రభుత్వము ఆదేశించుట మంచిపని. కాని ఆ కేసులు మొదటనే పెట్టకుండుట అంతకంటె మంచిపనియై యుండెడిది. శాంతముగా నిలిచి ప్రశ్నించిన విద్యార్థిని నేరస్థునివలె చూచు ప్రభుత్వము, తనకు ముందుగా ప్రమాదము తెలుపగల కాపలాదారుని తానే తరిమివేయుచున్నది. కూలిన నూరెకరములను మరల పచ్చబరచు ప్రణాళిక నడుగుచు సుప్రీంకోర్టు 2025లో పలుమారు ప్రభుత్వమును నిలదీసినది. ఆ ప్రశ్నలు రాకమునుపే, విద్యార్థుల ప్రశ్నలకు బదులు చెప్పియుండిన ఆ చెట్లును ప్రభుత్వ గౌరవమును గూడ దక్కియుండెడివి.

తుదకు విద్యార్థులతో నొక మాట. మీ పని యే రాజకీయపక్షమునకును పనిముట్టు కాకుండ చూచుకొనుడు. పక్షములు గద్దె మారినపుడు మాట మార్చును. కుంట మాత్రము మారదు. ఆవరణ గోడలోపలనే యాగక, ఆ గోడ ప్రక్కనున్న బస్తీవారిని, పశువుల కాపరిని, చెత్త యేరుకొను స్త్రీని పలుకరింపుడు. ఆ నేలను మీకంటె ముందు నుండి యెరిగినవారు వారు. పత్రికలవారు వచ్చిన దినముననే గాక, ఎవరును రాని దినమునను పక్షులను లెక్కింపుడు. మీరు చదువు ముగించి పోవునపుడు మీ చిట్టాను తరువాతివాని చేతిలో పెట్టి పొండు. విద్యార్థి నాలుగేండ్ల యతిథి. చెట్టు నూరేండ్ల గృహస్థు. ఒక తరమునుండి మరియొక తరమునకు చేతులు మారు చిట్టాయే ఆ రెండింటికిని నడుమ వంతెన.

పెద్దలమైన మనము వారికి కోట్లు కూడబెట్టి యీయనక్కరలేదు. త్రాగుటకు నీరు, నిలుచుటకు నీడ, అడుగుటకు స్వేచ్ఛ, ఈ మూటిని మిగిల్చి యిచ్చిన చాలును. మొదటి రెండును తరుగుచున్న యీ కాలమున మూడవదానిని గూడ మనమే హరించిన, రేపటివారు మనలను క్షమింపరు.